యూఎస్‌బీ మోడెమ్ పలకనప్పుడు: లోపాన్ని అంచెలవారీగా పట్టుకునే పద్ధతి

ఒకే పని కోసం తయారై, ఆ పని చేసే యంత్రంలోనే ఇమిడి ఉండి, తెర గానీ కీబోర్డు గానీ లేకుండా నెలల తరబడి తనంత తాను నడవవలసిన చిన్న కంప్యూటర్‌ను ఎంబెడెడ్ వ్యవస్థ అంటారు. ఊరికి దూరంగా నిలిపే వాతావరణ పరికరాలు, నీటి ట్యాంకుల మట్టాన్ని కొలిచే పెట్టెలు, టికెట్ యంత్రాలు, డబ్బు చెల్లింపు యంత్రాలు ఈ కోవకు చెందినవే. ఇంటర్నెట్ తీగ చేరని చోట్ల ఇటువంటి వ్యవస్థకు సిమ్ కార్డుతో పనిచేసే మోడెమ్‌ను యూఎస్‌బీ ద్వారా జతచేస్తారు. అది దుకాణంలో దొరికే డాంగిల్ కావచ్చు, లేదా బోర్డు మీదనే బిగించిన మోడెమ్ కార్డు కావచ్చు. పైకి యూఎస్‌బీ ప్లగ్గు కనిపించకపోయినా ఆ కార్డు కూడా చాలా బోర్డుల్లో యూఎస్‌బీ తీగల మీదుగానే ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది కనుక, రెండింటికీ వచ్చే చిక్కులు దాదాపు ఒకటే.

ల్యాప్‌టాప్‌లో పెట్టగానే పనిచేసిన డాంగిల్, లినక్స్ మీద నడిచే ఎంబెడెడ్ బోర్డుకు తగిలిస్తే మౌనంగా ఉండిపోవడం తరచూ జరిగేదే. ల్యాప్‌టాప్‌లోని లినక్స్‌లో వేల పరికరాల డ్రైవర్లు ముందే చేర్చి ఉంటాయి. ఎంబెడెడ్ బోర్డులో మాత్రం జాగా పొదుపు కోసం తయారీదారు అవసరమనుకున్నవాటినే ఉంచి తక్కినవి తీసివేస్తాడు కనుక, ఏది లోపించినా అది లోపించినట్టు చెప్పే కిటికీ ఏదీ తెరుచుకోదు. అందువల్ల మోడెమ్ పలకకపోతే ‘ఇది డ్రైవర్ సమస్య’ అని వెంటనే తేల్చేసి, లినక్స్‌లోని ప్రధాన భాగమైన కెర్నల్‌ను మళ్లీ మళ్లీ కంపైల్ చేయడం పరిపాటి అయింది. డ్రైవర్ అంటే ఒక పరికరంతో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కు తెలియజెప్పే ప్రోగ్రాము మాత్రమే. దాని వంతు రాకముందు కొన్ని అంచెలు, దాని పని ముగిసిన తర్వాత మరికొన్ని అంచెలు ఉన్నాయి. ‘డ్రైవర్ సమస్య’గా పేరుపడ్డ లోపాల్లో చాలా భాగం ఆ ముందువెనుకల అంచెల్లోనే దొరుకుతాయి.

అందుచేత ఈ అధ్యాయం ప్రతిపాదించే పద్ధతి ఒక్కటే: అంచెలను కింది నుంచి పైకి వరుసగా పరీక్షించడం, ఒక అంచె సవ్యంగా ఉన్నదని కంటికి కనిపించే రుజువు దొరికే వరకు తర్వాతి అంచె జోలికి పోకపోవడం. ఆ అంచెలను ఆరు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చు.

1. మోడెమ్‌కు చాలినంత కరెంటు అందుతున్నదా?
2. బోర్డు దాన్ని యూఎస్‌బీ పరికరంగా గుర్తించిందా?
3. అది నిజంగా మోడెమ్ రూపంలోనే ఉన్నదా?
4. సరైన డ్రైవర్ సరైన భాగానికి అతుక్కున్నదా?
5. మోడెమ్ ఆదేశాలకు జవాబిచ్చి, నెట్‌వర్క్‌లో నమోదయిందా?
6. డేటా నడుస్తున్నదా, నడిచి మధ్యలో ఆగిపోతున్నదా?

మొదటి అంచె: కరెంటు

యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పరికరం గుర్తింపు పూర్తయ్యే వరకు 100 మిల్లీఆంపియర్లు, పూర్తయిన తర్వాత గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు మాత్రమే తీసుకోవాలి. సెల్యులార్ మోడెమ్ వాడకం ఇంత నిలకడగా ఉండదు. 2జీ పద్ధతిలో ప్రసారం చేసేటప్పుడు మోడెమ్ ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అర మిల్లీసెకనుకు కొంచెం పైగా, ఒక్క ఉదుటున శక్తిని లాగుతుంది. ఆ క్షణంలో మోడెమ్ చిప్‌కు 2 ఆంపియర్ల వరకు అవసరం కావచ్చు. ఆ ఉదుటుకు బోర్డులోని వోల్టేజి కుంగితే మోడెమ్ తనంత తాను రీసెట్ అయి, కెర్నల్ కంటికి ఎవరో దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టినట్టు కనిపిస్తుంది.

ఈ లోపం లక్షణాలు తేలికగా పట్టుబడతాయి. మోడెమ్ ఖాళీగా ఉన్నంతసేపు బాగానే ఉండి, నెట్‌వర్క్‌కు కలిసే సమయంలోనే మాయమవుతుంది. టవర్ దగ్గరగా ఉన్న చోట పనిచేసి, సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట పడిపోతుంది, ఎందుకంటే దూరపు టవర్‌ను అందుకోవడానికి మోడెమ్ ఎక్కువ శక్తితో ప్రసారం చేయవలసి వస్తుంది. మామూలు మల్టీమీటర్ సగటు విలువనే చూపుతుంది కనుక అర మిల్లీసెకను కుంగుబాటు దానికి అందదు. దాన్ని చూడటానికి ఆసిల్లోస్కోప్ కావాలి. ఆ సాధనం లేని చోట, సొంత అడాప్టరుతో నడిచే యూఎస్‌బీ హబ్‌ను మధ్యలో పెట్టి చూడటం చవకైన పరీక్ష. హబ్ పెట్టగానే సమస్య పోతే, డ్రైవర్ గురించి ఆలోచించనక్కరలేదు. పొట్టి కేబుల్, గట్టి అడాప్టర్, బోర్డు స్వయంగా తయారుచేసేవారైతే మోడెమ్ దగ్గరే పెద్ద కెపాసిటర్ దానికి శాశ్వత పరిష్కారాలు.

రెండవ అంచె: గుర్తింపు

పరికరాన్ని తగిలించగానే యూఎస్‌బీ కంట్రోలర్ దాన్ని రీసెట్ చేసి, ఒక చిరునామా సంఖ్య ఇచ్చి, డిస్క్రిప్టర్లను అడుగుతుంది. డిస్క్రిప్టర్ అంటే పరికరం తన తయారీదారు ఎవరో, తన నమూనా ఏదో, తనలో ఎన్ని భాగాలున్నాయో చెప్పే చిన్న పట్టిక. ఈ తతంగాన్నంతా ఎన్యూమరేషన్ అంటారు. ఇందులో మోడెమ్ డ్రైవర్‌కు ఎటువంటి పాత్రా లేదు కనుక, ఇక్కడ వచ్చే తప్పులకు డ్రైవర్‌ను నిందించడం తగదు.

రుజువు కోసం కెర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్ ఆదేశాన్నీ, తగిలించి ఉన్న పరికరాలను వరుసగా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశాన్నీ వాడాలి. కొత్త హైస్పీడ్ పరికరం దొరికిందన్న సందేశం వచ్చి, జాబితాలో దాని గుర్తింపు సంఖ్య కనిపిస్తే ఈ అంచె దాటినట్టే. డిస్క్రిప్టర్ చదవడంలో మైనస్ 71 అన్న తప్పు వస్తే తీగల మీద సంకేతాలు చెదిరిపోతున్నాయనీ, మైనస్ 110 వస్తే పరికరం గడువులోగా జవాబివ్వలేదనీ అర్థం. మొదటిదానికి నాసిరకం కేబుల్, వదులైన సాకెట్, బోర్డు మీద సరిగా గీయని డేటా తీగలు సాధారణ కారణాలు కాగా, రెండవదానికి చాలని కరెంటు గానీ, ఇంకా పూర్తిగా మేలుకోని మోడెమ్ గానీ కారణమవుతుంది. యూఎస్‌బీ బస్సులో, అంటే పరికరాలన్నీ పంచుకునే తీగల్లో, చాలినంత కరెంటు లేనందున కాన్ఫిగరేషన్‌ను తిరస్కరించినట్టు కెర్నల్ స్పష్టంగా చెబితే మళ్లీ మొదటి అంచెకే వెళ్లాలి.

ఏ సందేశమూ రాకపోవడం వేరే లక్షణం. బోర్డు మీది మోడెమ్ కార్డును మేలుకొలపడానికి పవర్‌కీ అనే కాలును కొంతసేపు నొక్కిపట్టినట్టు సంకేతం ఇవ్వవలసిన నమూనాలు చాలా ఉన్నాయి. ఆ పని చేయవలసిన జీపీఐఓ, అంటే ప్రోగ్రాముతో వెలిగించి ఆర్పగల ప్రాసెసర్ కాలు, సరిగా అమరకపోతే మోడెమ్ నిద్రలేవదు. మరికొన్ని బోర్డుల్లో ఒకే పోర్టు అటు కంప్యూటర్‌గానూ ఇటు పరికరంగానూ వ్యవహరించగలదు. దీన్ని ఓటీజీ అంటారు. బోర్డులోని హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే డివైస్ ట్రీ అనే ఫైలులో ఆ పోర్టు పాత్రను హోస్ట్ అని నిర్దేశించకపోతే, బోర్డు తానే పరికరంగా కూర్చుని తనకు తగిలించినదాన్ని పట్టించుకోదు.

మూడవ అంచె: మారువేషంలో ఉన్న మోడెమ్

తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య అనే రెండు సంఖ్యలు యూఎస్‌బీ పరికరానికి ఇంటిపేరూ పేరూ వంటివి. హువావే పరికరాల ఇంటిపేరు 12డీ1, జడ్‌టీఈ ఇంటిపేరు 19డీ2, క్వెక్టెల్ ఇంటిపేరు 2సీ7సీ. ఇంటిపేరు సాధారణంగా స్థిరంగా ఉంటుంది; పేరు మాత్రం, డాంగిళ్ల విషయంలో, మారిపోతుంది.

విండోస్ వాడుకదారులు డ్రైవర్ సీడీని వెతుక్కోనక్కర లేకుండా, చాలా డాంగిళ్లు తొలుత సీడీ డ్రైవ్ రూపంలో ప్రత్యక్షమవుతాయి. ఆ ఉత్తుత్తి సీడీలో విండోస్ డ్రైవర్లు ఉంటాయి. వాటిని ఎక్కించిన తర్వాత, విండోస్ ప్రోగ్రాము ఒక ప్రత్యేక సందేశం పంపితే డాంగిల్ తన్ను తాను ఊడదీసుకుని, కొత్త ఉత్పత్తి సంఖ్యతో మోడెమ్‌గా తిరిగి వస్తుంది. ఎంబెడెడ్ లినక్స్‌లో ఆ సందేశం పంపేవారు ఎవరూ లేకపోతే డాంగిల్ ఎప్పటికీ సీడీగానే ఉండిపోతుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో పరికరం కనిపిస్తూ, కెర్నల్ సందేశాల్లో మాత్రం సీడీ లేదా నిల్వ పరికరం దొరికినట్టు మాత్రమే ఉంటే, లోపం ఈ అంచెలోనిదే.

దీని కోసమే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము ఉంది. ఏ సంఖ్య గల డాంగిల్‌కు ఏ సందేశం పంపాలో దాని సమాచార పట్టికలో రాసి ఉంటుంది. చాలా నమూనాలకు సీడీని బయటికి తీయమనే మామూలు ఆదేశమే సరిపోతుంది. రౌటర్లలో వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వ్యవస్థలో ఈ పని చేసే ప్యాకేజీని విడిగా చేర్చుకోవాలి. ఆ పట్టిక పాతదైతే కొత్త డాంగిల్ దానికి తెలియకపోవచ్చు కనుక, ప్రోగ్రాము ఉన్నదని చూసుకుంటే సరిపోదు. చేతిలో ఉన్న డాంగిల్ సంఖ్య పట్టికలో ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి.

మారిన తర్వాతి రూపం కూడా ఆశించినదేనా అన్నది ఈ అంచెలోనే తేల్చుకోవలసిన మరో విషయం. హువావే ఈ3372 డాంగిల్ హైలింక్ అనే రకం ఫర్మ్‌వేర్‌తో, అంటే తనలోనే ఇమిడి ఉన్న ప్రోగ్రాముతో, వచ్చినప్పుడు 12డీ1:1ఎఫ్01 అనే సంఖ్యతో మొదలై, రూపం మారాక 12డీ1:14డీసీగా కనిపిస్తుంది. ఆ రూపంలో అది ఒక చిన్న రౌటరు, 192.168.8.1 చిరునామాతో తానే ఇంటర్నెట్‌కు కలిసి, బోర్డుకు ఈథర్నెట్ కార్డులా మాత్రమే కనిపిస్తుంది. అటువంటి డాంగిల్‌లో సీరియల్ పోర్టు కోసం వెతుకుతూ డ్రైవర్ మీద డ్రైవర్ ఎక్కించడం నిష్ఫలం. దానికి సీడీసీ-ఈథర్ డ్రైవర్, ఐపీ చిరునామా అడిగి తెచ్చే డీహెచ్‌సీపీ ఉంటే చాలు.

నాలుగవ అంచె: డ్రైవర్ ఉన్నదా, సరైన చోట అతికిందా

నిజమైన డ్రైవర్ సమస్యలు ఈ అంచెలో మొదలవుతాయి. ఒక మోడెమ్ పరికరంలో పలు ఇంటర్‌ఫేస్‌లు, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు, ఉంటాయి. ఉదాహరణకు క్వెక్టెల్ ఈసీ25 కార్డులో సాధారణంగా 0వ ఇంటర్‌ఫేస్ లోపనిర్ధారణకు, 1వది జీపీఎస్ సమాచారానికి, 2వది ఆదేశాలకు, 3వది డయలప్ తరహా డేటాకు, 4వది వేగవంతమైన నెట్‌వర్క్ డేటాకు కేటాయించి ఉంటాయి. మొదటి నాలుగింటినీ ఆప్షన్ అనే డ్రైవర్ సీరియల్ పోర్టులుగా చూపుతుంది. అయిదవదాన్ని క్యూఎంఐ-డబ్ల్యూవాన్ అనే డ్రైవర్ నెట్‌వర్క్ కార్డుగా చూపుతుంది. ఆప్షన్ డ్రైవర్‌కు ఆ పేరు అదే పేరు గల మోడెమ్ కంపెనీ కార్డుల వల్ల వచ్చింది. తర్వాత అది ఎన్నో కంపెనీల మోడెమ్‌లను చేర్చుకుంటూ పెరిగింది. వీటికి తోడు ప్రామాణిక సీరియల్ పద్ధతి పాటించే మోడెమ్‌లకు సీడీసీ-ఏసీఎం, ఎంబీఐఎం అనే ప్రమాణాన్ని పాటించేవాటికి సీడీసీ-ఎంబీఐఎం డ్రైవర్లు ఉన్నాయి.

ఇక్కడ వచ్చే లోపాలు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది, డ్రైవర్ కెర్నల్‌లో లేకపోవడం. కెర్నల్ కంపైల్ చేసేటప్పుడు ఎంచుకున్న అంశాలలో యూఎస్‌బీ సీరియల్, ఆప్షన్, క్యూఎంఐ, పీపీపీ ఉన్నాయో లేవో చూడాలి. యోక్టో వంటి నిర్మాణ వ్యవస్థల్లో డ్రైవర్ మాడ్యూల్‌గా కంపైల్ అయినప్పటికీ, ఆ మాడ్యూల్ ప్యాకేజీని బోర్డులోకి ఎక్కించే ఇమేజ్‌లో చేర్చమని చెప్పకపోతే అది బోర్డు దాకా రాదు. మాడ్యూల్ అంటే కెర్నల్ నడుస్తుండగానే ఎక్కించి దించగల డ్రైవర్ ఫైలు.

రెండవది, మాడ్యూల్ ఉన్నా ఎక్కకపోవడం. మాడ్యూల్‌లో అది ఏ కెర్నల్ కోసం తయారైందో తెలిపే ముద్ర ఉంటుంది. నడుస్తున్న కెర్నల్‌తో ఆ ముద్ర కలవకపోతే మాడ్యూల్ ఆకృతి చెల్లదన్న సందేశంతో కెర్నల్ దాన్ని నిరాకరిస్తుంది. మరో చోట నుంచి దించుకున్న మాడ్యూల్‌ను బలవంతంగా ఎక్కించే ప్రయత్నం కెర్నల్‌నే కూల్చగలదు కనుక, నడుస్తున్న కెర్నల్ సోర్స్, అదే కాన్ఫిగరేషన్, అదే కంపైలర్‌తో దాన్ని తిరిగి తయారుచేయడమే సరైన మార్గం. ఇన్స్‌మోడ్ ఆదేశం ఒక్క ఫైలునే ఎక్కిస్తుంది. మోడ్‌ప్రోబ్ దానికి ఆధారమైన ఇతర మాడ్యూళ్లను కూడా వరుసగా ఎక్కిస్తుంది కనుక, తెలియని చిహ్నాలు ఉన్నాయన్న ఫిర్యాదు వస్తే డెప్‌మోడ్‌తో ఆధారాల జాబితాను తాజాపరచి మోడ్‌ప్రోబ్ వాడాలి.

మూడవది, డ్రైవర్ ఎక్కినా పరికరం దానికి తెలియకపోవడం. ప్రతి డ్రైవర్‌లోనూ అది స్వీకరించే సంఖ్యల పట్టిక ఉంటుంది. డ్రైవర్ తయారైన తర్వాత వచ్చిన మోడెమ్ సంఖ్య అందులో ఉండదు. అప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్ అనే కెర్నల్ సమాచార వృక్షంలో, యూఎస్‌బీ సీరియల్ బస్సు కింద, ఆప్షన్1 పేరుతో ఉండే డ్రైవర్ సంచయంలోని న్యూ-ఐడీ ఫైలులో కొత్త తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను రాస్తే డ్రైవర్ ఆ పరికరాన్ని వెంటనే స్వీకరిస్తుంది. ఇది పరీక్షకు బాగుంటుంది, కానీ బోర్డు ఆపి మళ్లీ వేయగానే చెరిగిపోతుంది. యూఎస్‌బీ సీరియల్‌కు సంఖ్యలను నేరుగా ఇచ్చి నడిపించే పాత చిట్కా ప్రచారంలో ఉన్నా, ఆ సాధారణ డ్రైవర్ ప్రయోగాల కోసం ఉద్దేశించినది; మోడెమ్ డేటా వేగానికి అది తగదు.

నాలుగవది, గుర్తించడానికి అన్నింటికన్నా కష్టమైనది, డ్రైవర్ తప్పు ఇంటర్‌ఫేస్‌కు అతుక్కోవడం. న్యూ-ఐడీ ద్వారా సంఖ్యలు మాత్రమే ఇచ్చినప్పుడు, ఏ ఇంటర్‌ఫేస్‌ను వదిలిపెట్టాలో ఆప్షన్ డ్రైవర్‌కు తెలియదు కనుక, నెట్‌వర్క్ కోసం ఉద్దేశించిన 4వ ఇంటర్‌ఫేస్‌ను కూడా అది సీరియల్ పోర్టుగా లాక్కోవచ్చు. అప్పుడు నాలుగు పోర్టుల బదులు అయిదు కనిపించి, నెట్‌వర్క్ కార్డు మాత్రం కనిపించదు. పరికరాలను వృక్షరూపంలో చూపమని ఎల్‌ఎస్‌యూఎస్‌బీని అడిగితే ఏ ఇంటర్‌ఫేస్‌కు ఏ డ్రైవర్ అతికిందో వరుసగా కనబడుతుంది. శాశ్వత పరిష్కారం, ఆ మోడెమ్ సంఖ్యనూ మినహాయించవలసిన ఇంటర్‌ఫేస్‌నూ డ్రైవర్ పట్టికలోనే చేర్చిన కెర్నల్‌కు మారడం, లేదా ఆ చిన్న ప్యాచ్‌ను సొంత కెర్నల్‌కు వేసుకోవడం.

పోర్టు పేర్ల గందరగోళం

డ్రైవర్ అతికిన తర్వాత టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 వంటి పేర్లతో పోర్టులు వస్తాయి. ఈ అంకెలు ఇంటర్‌ఫేస్ సంఖ్యలు కావు. అందుబాటులో ఉన్న వరుసలో కెర్నల్ పంచిపెట్టేవి మాత్రమే. మోడెమ్ రీసెట్ అయిన క్షణంలో ఏదైనా ప్రోగ్రాము పాత పోర్టును ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, ఆ అంకె ఖాళీ కాదు కనుక కొత్త పోర్టుకు మరో అంకె దక్కుతుంది; 2వ పోర్టుకే ఆదేశాలు పంపేలా రాసిన స్క్రిప్టు అప్పటి నుంచి తప్పు తలుపు తడుతూ ఉంటుంది. దీన్ని నివారించడానికి, పరికర ఫైళ్లను నిర్వహించే యూడెవ్ అనే ప్రోగ్రాములో ఇంటర్‌ఫేస్ సంఖ్యను ఆధారంగా చేసుకుని ఒక స్థిరమైన మారుపేరు ఇచ్చే నియమం రాసుకోవాలి. బిజీబాక్స్‌తో నడిచే చిన్న వ్యవస్థల్లో యూడెవ్ బదులు ఎండెవ్ ఉంటుంది. అక్కడ సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి ఇంటర్‌ఫేస్ సంఖ్యను చదివే చిన్న స్క్రిప్టు అదే పని చేస్తుంది.

అయిదవ అంచె: మోడెమ్‌నే నేరుగా అడగడం

మోడెమ్‌లు ఏటీ అనే అక్షరాలతో మొదలయ్యే ఆదేశాలను అర్థం చేసుకుంటాయి. పికోకామ్, మినీకామ్ వంటి సీరియల్ ప్రోగ్రాముతో ఆదేశాల పోర్టును తెరిచి ఏటీ అని పంపితే ఓకే అన్న జవాబు రావాలి. జవాబు రాకపోతే అది ఆదేశాల పోర్టు కాకపోవచ్చు, లేదా మరొక ప్రోగ్రాము దాన్ని వాడుతూ ఉండవచ్చు. ముఖ్యంగా మోడెమ్‌లను నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాము ఉన్న వ్యవస్థలో అది మోడెమ్ తాలూకు సీరియల్ పోర్టులను తానే తట్టి చూస్తుంది. ఒకే పోర్టును ఇద్దరు చదివితే జవాబులోని అక్షరాలు కొన్ని ఒకరికి, కొన్ని ఇంకొకరికి చేరి, మోడెమ్ పిచ్చి జవాబులిస్తున్నట్టు కనిపిస్తుంది. మోడెమ్‌ను ఎవరు నడపాలో ముందే ఒకరిని నిర్ణయించి, రెండవదాన్ని ఆపివేయాలి.

ఓకే వచ్చిందంటే డ్రైవర్ నిర్దోషి అని తేలినట్టు. ఇక మిగిలిన ప్రశ్నలు సిమ్‌కూ నెట్‌వర్క్‌కూ సంబంధించినవి. ఏటీ+సీపిన్ ప్రశ్నకు రెడీ అన్న జవాబు వస్తే సిమ్ సిద్ధంగా ఉన్నట్టు. సిమ్ పిన్ అని వస్తే తాళం తీయాలి. ఏటీ+సీఎస్‌క్యూ సిగ్నల్ బలాన్ని 0 నుంచి 31 వరకు చెబుతుంది. 0 అంటే మైనస్ 113 డీబీఎం లేదా అంతకన్నా బలహీనం, 31 అంటే మైనస్ 51 డీబీఎం లేదా అంతకన్నా బలం, 99 అంటే కొలవలేకపోయినట్టు. యాంటెన్నా కనెక్టర్ ఊడిపోయినా డ్రైవర్‌ను అనుమానించే ధోరణికి ఈ ఒక్క ఆదేశం అడ్డుకట్ట వేస్తుంది. 4జీ నమోదును తెలిపే ఏటీ+సీఈరెగ్ జవాబులో 1 వస్తే సొంత నెట్‌వర్క్‌లో, 5 వస్తే రోమింగ్‌లో నమోదయినట్టు, 2 వస్తే ఇంకా వెతుకుతున్నట్టు, 3 వస్తే నెట్‌వర్క్ నిరాకరించినట్టు.

భారతదేశంలో ఈ అంచెకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. 2016 సెప్టెంబరులో మొదలైన జియో తన సేవలను 4జీతోనే ప్రారంభించింది. ఆ నెట్‌వర్క్‌లో 2జీ, 3జీ లేవు. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని ఉపసంహరించింది. కాబట్టి పాత 3జీ డాంగిల్‌లో జియో సిమ్ వేస్తే కరెంటు, గుర్తింపు, రూపం, డ్రైవర్ అన్నీ సవ్యంగా ఉండి, ఏటీకి ఓకే కూడా వచ్చి, నమోదు మాత్రం ఎన్నటికీ జరగదు. 4జీ కార్డు కొనేటప్పుడు కూడా దాని బ్యాండ్లు, అంటే అది వాడే పౌనఃపున్య శ్రేణులు, చూడాలి. జియో ప్రధానంగా 3, 5, 40 బ్యాండ్లలో పనిచేస్తుండగా, ఉత్తర అమెరికా కోసం తయారైన ఈసీ25-ఏ రకం 4జీలో 2, 4, 12 బ్యాండ్లకే పరిమితం. పేరులో చివరి అక్షరం ఒక్కటే తేడా అయినా, ఆ కార్డు ఇక్కడి 4జీని అందుకోలేదు.

ఆరవ అంచె: డేటా నడవడం, మధ్యలో ఆగడం

నమోదు పూర్తయిన తర్వాత డేటాకు ఏపీఎన్ కావాలి. మోడెమ్ ఏ ద్వారం గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో తెలిపే పేరు అది; జియోకు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ వాడుకలో ఉన్నవి. తర్వాత మార్గం రెండు రకాలు. పాత పద్ధతిలో *99# అనే నంబరుకు డయల్ చేసి, పీపీపీ అనే పద్ధతిలో సీరియల్ పోర్టు మీదుగా డేటా పంపుతారు. ఇది దాదాపు ప్రతి మోడెమ్‌తోనూ పనిచేస్తుంది కానీ వేగం తక్కువ, ప్రాసెసర్‌కు పని ఎక్కువ. కొత్త పద్ధతిలో సీడీసీ-డబ్ల్యూడీఎం0 అనే నియంత్రణ ద్వారం గుండా క్యూఎంఐ సందేశాలు పంపి, డబ్ల్యూవాన్0 అనే నెట్‌వర్క్ కార్డు మీదుగా డేటా నడుపుతారు.

క్యూఎంఐలో తరచూ ఎదురయ్యే ఒక లోపం అచ్చం డ్రైవర్ లోపంలా కనిపిస్తుంది. మోడెమ్ కలిసినట్టే చెబుతుంది, నెట్‌వర్క్ కార్డు ఉంటుంది, డీహెచ్‌సీపీకి మాత్రం జవాబు రాదు. కొత్త 4జీ మోడెమ్‌లు ఈథర్నెట్ తలకట్టు లేని ముడి ఐపీ ప్యాకెట్లను పంపుతుంటే, డ్రైవర్ తలకట్టు ఉన్నదనుకుని చదవడమే దానికి కారణం. లినక్స్ 4.5 నుంచి క్యూఎంఐ డ్రైవర్‌లో ముడి ఐపీ పద్ధతిని ఎంచుకునే వీలు ఉంది. నెట్‌వర్క్ కార్డును దించి, సిస్‌ఎఫ్‌ఎస్‌లోని రా-ఐపీ ఫైలులో వై అక్షరాన్ని రాసి, మళ్లీ లేపితే డేటా కదులుతుంది. అంతకన్నా పాత కెర్నల్‌తో నడిచే బోర్డుల్లో పీపీపీకి గానీ, మోడెమ్ ఒప్పుకుంటే ఈసీఎం అనే ఈథర్నెట్ తరహా పద్ధతికి గానీ మారడం తెలివైన పని.

కొన్ని గంటలు నడిచి ఆగిపోయే మోడెమ్ విషయంలో ముందుగా ఆగిన క్షణపు కెర్నల్ సందేశాలు చూడాలి. పరికరం ఊడినట్టు సందేశం ఉంటే మొదటి అంచెకు పోవాలి. ఏ సందేశమూ లేకుండా మౌనం వహిస్తే ఆటోసస్పెండ్‌ను అనుమానించాలి; వాడకంలో లేని పరికరాన్ని నిద్రపుచ్చి శక్తి ఆదా చేసే ఈ ఏర్పాటును, హబ్‌లు కాని పరికరాలకు లినక్స్ కెర్నల్ మామూలుగా అమలు చేయకపోయినా, శక్తి పొదుపు ప్రోగ్రాములు దాన్ని అమల్లోకి తెస్తాయి. పరికరం తాలూకు పవర్ సంచయంలోని కంట్రోల్ ఫైలులో ఆన్ అని రాస్తే నిద్ర ఆగుతుంది. ఏ కారణం చేతనైనా మోడెమ్ స్తంభిస్తే తిరిగి లేపే మార్గం ముందే సిద్ధంగా ఉండాలి: మొదట ఏటీ+సీఫన్=1,1 ఆదేశంతో రీసెట్, అది వినకపోతే యూఎస్‌బీ డ్రైవర్‌ను విడదీసి మళ్లీ కలపడం, అదీ కుదరకపోతే జీపీఐఓ ద్వారా మోడెమ్ కరెంటునే తీసివేసి పెట్టడం. మనిషి చేరలేని చోట నిలిపే పెట్టెకు ఈ మూడవ మార్గం బోర్డు రూపకల్పనలోనే ఉండాలి, ఎందుకంటే దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సమకూర్చలేరు.

పరిశోధనలో పాటించవలసిన క్రమశిక్షణ

ఒకేసారి కేబుల్, కెర్నల్, సిమ్ మూడింటినీ మార్చి మోడెమ్ పనిచేసిందని సంతోషించే వ్యక్తికి అసలు కారణం తెలియదు కనుక, రెండవ పెట్టెలో అదే లోపం వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, దాని ముందు వెనుకల కెర్నల్ సందేశాలను ఫైలులో దాచుకోవాలి. మోడెమ్ ఫర్మ్‌వేర్ సంచిక, కెర్నల్ సంచిక, పరికర సంఖ్యలు, ఇంటర్‌ఫేస్‌ల జాబితా, పనిచేసిన ఏపీఎన్ అనే అయిదు వివరాలు ప్రతి పెట్టెకూ రాసి ఉంచితే, ఆరు నెలల తర్వాత అదే పేరుతో కొన్న కొత్త మోడెమ్ వేరే ఫర్మ్‌వేర్‌తో వచ్చినప్పుడు తేడా ఎక్కడుందో నిమిషాల్లో తేలుతుంది.

డ్రైవర్ లోపలి నడకను చూడవలసిన అరుదైన సందర్భాల్లో, యూఎస్‌బీ తీగ మీద సాగే సంభాషణను కెర్నల్‌లోని యూఎస్‌బీమాన్ ద్వారా పట్టి వైర్‌షార్క్‌లో చదవవచ్చు. పై ఆరు ప్రశ్నలకు రుజువులతో జవాబులు సేకరించిన వారికి ఆ అవసరం అరుదుగానే వస్తుంది. చివరగా, చేత్తో ఇచ్చిన ఆదేశాలతో మోడెమ్ పలికినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. దిద్దుబాటు బోర్డు ఇమేజ్‌లో చేరి, కరెంటు పూర్తిగా తీసి మళ్లీ పెట్టినప్పుడు, మనిషి చెయ్యి తగలకుండా మోడెమ్ దానంతట అది నెట్‌వర్క్‌కు కలిసిన తర్వాతే సమస్య పరిష్కారమైనట్టు లెక్క.